మీకు తెలుసా? వీపు మీద నీటి మూట

పిల్లికి సెలైన్ ఎక్కించాలంటే నరం వెతకనక్కర్లేదు. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ మడతలోకి సూది గుచ్చితే చాలు. కిడ్నీ జబ్బున్న పిల్లులకు చాలామంది డాక్టరు దగ్గర నేర్చుకుని ఇంట్లోనే ఇలా ఎక్కిస్తుంటారు. సాధారణంగా విడతకు 100 మి.లీ. అటూఇటూ, కచ్చితమైన లెక్క మాత్రం డాక్టరే చెప్పాలి, గుండె జబ్బు కూడా ఉంటే మరీనూ.

ఎక్కించగానే వీపు ఒంటె మూపురంలా ఉబ్బుతుంది. ఒక్కోసారి ఆ ఉబ్బు ముందుకాలి మీదికి జారి, పిల్లిగారు ఒక కాలికే బూటు తొడుక్కున్నట్టు కనిపిస్తారు. కంగారొద్దు, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది.

సన్న సూదైతే మేలనుకుంటాం గానీ, ధార సన్నబడి, సంచీ ఖాళీ కాకముందే పిల్లి ఓపిక ఖాళీ అవుతుంది. అందుకే కాస్త లావు సూది వాడేవాళ్లే ఎక్కువ.