ఇంజెక్షన్ బైకు: గాలికి తగ్గ పెట్రోలు ఎలా అందుతుంది?

గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే స్పార్క్ ప్లగ్గుకు మసి పడుతుంది. తక్కువైతే ఇంజను సరిగా లాగదు.

ఈ పాళ్లు ఎందుకు మారుతుంటాయి? పల్నాడులో రెంటచింతల ఎండలకు పేరుమోసిన ఊరు. వేడెక్కిన గాలి పలచబడుతుంది, అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. పాత బైకుల్లో గాలిని, పెట్రోలును కలిపే కార్బొరేటర్ ఈ తేడాను కొలవలేదు. మెకానిక్ స్క్రూ తిప్పి సరిచేయాలి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి.

ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది? గాలి ఒత్తిడి, వేడి, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ తెరుచుకున్న మేర, ఇంజను వేగం ఎంతో సెన్సర్లు చెబుతాయి. ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉండాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్కగడుతుంది. సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ ఆ లెక్కను సరిదిద్దుతుంది.

మరి థ్రాటిల్ బాడీల బ్యాలెన్సింగ్ అంటే? రెండు సిలిండర్లకు విడివిడి థ్రాటిల్ బాడీలుంటే రెండూ సమానంగా గాలి పీల్చాలి. లేకపోతే ఇంజను అదురుతుంది. వాక్యూమ్ గేజీలు తగిలించి, రెండు ముళ్లూ ఒకే చోట నిలిచేలా స్క్రూ సర్దుతారు. ఒకే సిలిండర్ బండికి ఈ పని ఉండదు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. బండి సరిగా లాగకపోతే ఇంట్లో ముందు చూడాల్సింది దాన్నే. తర్వాత ప్లగ్గు, బ్యాటరీ టెర్మినళ్లు. పెట్రోలు పైపులో ఒత్తిడి ఉంటుంది, దాన్ని విప్పకూడదు. మూసిన గదిలో ఇంజను నడపకూడదు. పెద్దలు పక్కన లేకుండా పిల్లలు ఈ పనులకు పూనుకోవద్దు.