తాతయ్య చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదెందుకు?

వీధి గుమ్మం దగ్గరే ఒక చెప్పు ఊడిపోయినా తాతయ్య రెండో చెప్పుతోనే వరండా దాకా వచ్చేస్తారు. అది పరధ్యానం కాదు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అరికాళ్లు మొద్దుబారిపోతాయి.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. నడుము నుంచి కాలివేళ్ల దాకా వెళ్లే నరాలు పెద్దవాళ్లలో దాదాపు మీటరు పొడవుంటాయి. పొడవైనవే ముందు పాడవుతాయి. అందుకే స్పర్శ మొదట వేళ్ల కొసల్లో తగ్గుతుంది.

మరి నడక ఎందుకు తడబడుతుంది? పాదం ఎక్కడుందో, నేల ఎగుడో దిగుడో మెదడుకు చెప్పేవీ నరాలే. ఆ కబురు అందకపోతే ఇక కళ్లే దిక్కు. కరెంటు పోయినప్పుడు, ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలిపోయేది అందుకే.

స్పర్శ తగ్గిందో లేదో చూడటానికి డాక్టరు సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కుతారు. ఆ ఒత్తిడి 10 గ్రాములే. అది తెలియని పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. నొప్పి లేని పుండే మరీ ప్రమాదం, ముదిరేదాకా ఎవరూ పట్టించుకోరు.

తాతయ్యకు వంగి చూసుకోవడం కష్టం. రోజూ రాత్రి ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు నువ్వు చూడు. బొబ్బ, పగులు, ఎర్రదనం ఏది కనబడినా వెంటనే అమ్మానాన్నలకు చెప్పు.