వాన పడని చోట అది రాయి, నీళ్లలో కలిస్తే విషం: అటకామా ఎడారి ఆర్సెనిక్ కథ

చిలీ ఉత్తర తీరంలో, అటకామా ఎడారిలో టొర్రెసియాస్ అనే చిన్న పాత గని ఉంది. ఒకప్పుడు ఆర్సెనిక్ కోసం తవ్వి, తర్వాత వదిలేశారు. ఆ గనిలో దొరికిన ఆరు కొత్త ఖనిజాల వివరాలు 2019లో ఒకే పరిశోధన పత్రంలో వెలువడ్డాయి. అంతకుముందు అవి శాస్త్రానికి తెలియవు.

వాటిలో ఒకదాని పేరు కమంచకైట్. పసిఫిక్ సముద్రం మీద నుంచి ఎడారిలోకి వచ్చే పొగమంచును అక్కడివారు 'కమంచాక' అంటారు. మరోదాని పేరు చించోర్రోయిట్. వేల ఏళ్ల కిందట ఆ తీరంలో బతికిన చించోర్రో ప్రజల పేరు అది. ఆ ఖనిజాలు ఏర్పడటంలో పొగమంచు పాత్ర ఉంది. ఆ ప్రజలు మాత్రం అదే ఆర్సెనిక్‌ను నీళ్లలో తాగారు.

ఆర్సెనేట్ అంటే ఏమిటి?

ఒక ఆర్సెనిక్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చేరితే అది ఆర్సెనేట్. ఎరువుల్లో ఉండే ఫాస్ఫేట్ నిర్మాణం కూడా ఇలాంటిదే. ఈ పోలిక వల్లే శరీర కణాలు ఆర్సెనేట్‌ను ఫాస్ఫేట్ అనుకుని లోపలికి రానిస్తాయి. అది విషంగా పనిచేయడానికి ఇదొక కారణం.

భూమిలో ఆర్సెనేట్ ఏ లోహంతో కలిస్తే ఆ రంగు ఖనిజం తయారవుతుంది. కోబాల్ట్‌తో కలిస్తే గులాబీ రంగు ఎరిత్రైట్. జింక్‌తో కలిస్తే, ఎక్కువగా పసుపుపచ్చ ఛాయల్లో కనిపించే అడమైట్. ఈ అడమైట్‌ను కూడా 1866లో అటకామా ప్రాంతంలోని చన్యార్సియో వెండి గని నుంచి వచ్చిన నమూనాల్లోనే మొదట గుర్తించారు.

ఎడారి గనుల్లోనే ఎందుకు?

లోతున ఉన్న ఆర్సెనిక్ ఖనిజానికి గాలి, తేమ తగిలితే అది ఆక్సీకరణం చెందుతుంది. తడి నేలల్లో ఇలా పుట్టిన లవణాలు చాలావరకు వానకు కరిగి కొట్టుకుపోతాయి. ఇకీకే చుట్టుపక్కల ఏడాది సగటు వర్షపాతం ఒకట్రెండు మిల్లీమీటర్లు కూడా దాటదు. పొగమంచు మాత్రం కాస్త తేమను, సముద్రపు ఉప్పును మోసుకొస్తుంది. రసాయన చర్య జరగడానికి ఆ తేమ చాలు, లవణాలను కడిగేయడానికి మాత్రం చాలదు.

అందుకే సోడియం, కాల్షియం, మెగ్నీషియం ఆర్సెనేట్‌తో కలిసి గోడల పగుళ్లలో సన్నని స్ఫటికాలుగా మిగిలిపోతాయి. కంటికి సరిగా ఆనని స్ఫటికాలు కూడా ఉంటాయి. వాటిలో పరమాణువుల అమరికను ఎక్స్‌రేలతో తేల్చాకే, అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం కొత్త ఖనిజంగా ఆమోదిస్తుంది.

నదిలో కలిస్తే...

ఎడారిలోనూ నదులున్నాయి. ఆండీస్ పర్వతాల అగ్నిపర్వత శిలల మీదుగా, వేడినీటి ఊటల మీదుగా వచ్చే ఆ నీళ్లు టొర్రెసియాస్ గనితో సంబంధం లేకుండానే ఆర్సెనిక్‌ను మోసుకొస్తాయి. కమరోనెస్ నది నీటిలో లీటరుకు సుమారు 1000 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10 మాత్రమే.

ఆ లోయలోనే చించోర్రో ప్రజలు సుమారు 7000 ఏళ్ల కిందట తమవారి మృతదేహాలను మమ్మీలుగా భద్రపరిచారు. ఈజిప్టు మమ్మీల కంటే ఇవి పాతవి. తొలినాటి మమ్మీల్లో పసిపిల్లలవి ఎక్కువ. ఆర్సెనిక్ వల్ల గర్భస్రావాలు, శిశు మరణాలు పెరిగి, ఆ దుఃఖంలోంచే ఈ ఆచారం పుట్టి ఉండవచ్చని చిలీ మానవశాస్త్రవేత్త బెర్నార్డో అరియాసా ప్రతిపాదించారు. అది ఊహే కానీ, మమ్మీల జుట్టులో ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది.

ఆధునిక కాలంలో జరిగినదానికి మాత్రం లెక్కలున్నాయి. 1958లో ఆంటోఫగాస్టా నగరానికి పర్వత నదుల నుంచి తాగునీరు మళ్లించారు. 1970లో శుద్ధి కేంద్రం వచ్చేదాకా జనం తాగిన నీటిలో ఆర్సెనిక్ నేటి పరిమితికి 80 రెట్లకు పైగా ఉంది. నీరు శుభ్రపడ్డాక కూడా దశాబ్దాల తరబడి అక్కడ ఊపిరితిత్తులు, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు అసాధారణంగా ఎక్కువగా నమోదయ్యాయి.

బెంగాల్‌లో జరిగింది వేరు

గంగా-బ్రహ్మపుత్ర డెల్టాలో గనులు లేవు, ఎడారీ లేదు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో ఆర్సెనిక్ ఇనుప ఆక్సైడ్‌లకు అంటుకుని ఉంటుంది. నేల అడుగున ఆక్సిజన్ అందని చోట బ్యాక్టీరియా ఆ ఇనుమును కరిగిస్తే, ఆర్సెనిక్ విడిపోయి భూగర్భ జలాల్లో కలుస్తుంది. చెరువు నీటితో వచ్చే విరేచనాల నుంచి కాపాడాలని వేసిన బోర్లే చివరికి ఆ నీటిని ఇళ్లకు చేర్చాయి. పశ్చిమ బెంగాల్‌లో తొలి రోగులను 1983లో కోల్‌కతా వైద్యులు గుర్తించారు. బంగ్లాదేశ్‌లో 1990లలో బయటపడింది. తాగునీటిలో ఆర్సెనిక్ పరిమితి భారత ప్రమాణాల ప్రకారం 10 మైక్రోగ్రాములు కాగా, బంగ్లాదేశ్‌లో 50.

శుద్ధి చేశాక ఎక్కడికి పోతుంది?

ఆంటోఫగాస్టాలో నీటికి ఇనుప లవణం కలిపి ఆర్సెనిక్‌ను దానికి అంటుకునేలా చేసి వేరుచేశారు. బెంగాల్‌లోని చాలా ఫిల్టర్ల సూత్రం కూడా ఇదే. కానీ నీటిలోంచి తీసినంత మాత్రాన ఆర్సెనిక్ మాయం కాదు. మడ్డిగా మిగులుతుంది. చిలీ రాగి పరిశ్రమలో ఆర్సెనిక్‌ను స్కోరొడైట్ అనే ఇనుప ఆర్సెనేట్‌గా మార్చి నిల్వ చేసే పద్ధతి ఉంది. అంటే ప్రకృతిలో దొరికే రాయినే మనుషులు మళ్లీ తయారు చేస్తున్నారు. ఎండిన నేలలో అది కదలకుండా ఉండే అవకాశం ఎక్కువ.

బెంగాల్ పల్లెల్లో ఆ వెసులుబాటు లేదు. ఫిల్టర్ మడ్డిని బురద నేలలోనో చెరువు పక్కనో పారబోస్తే, ఆక్సిజన్ అందని ఆ తడిలో ఇనుము మళ్లీ కరిగి ఆర్సెనిక్ మళ్లీ నీటిలో చేరే ప్రమాదం ఉంది. అందుకే ఊరికి ఫిల్టర్ పెట్టేటప్పుడు అందులో మిగిలే మడ్డిని ఎవరు తీసుకెళ్తారో, ఎక్కడ పొడిగా ఉంచుతారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.