తాకట్టులో మార్కుల కాగితం

కట్టని ఫీజు కోసం కాలేజీ ఎంత దూరం వెళ్లొచ్చు? అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గీత గీశాయి. మన పిల్లలు ఆ గీతకు ఏ పక్కన ఉన్నారు?

అమెరికాలో రెండేళ్లు చదివి పాసైన విద్యార్థి కొన్ని వందల డాలర్లు బాకీ పడ్డాడనుకోండి. చాలా కాలేజీలు ముందుగా చేస్తూ వచ్చిన పని ట్రాన్‌స్క్రిప్టు, అంటే మార్కుల కాగితం, ఆపేయడం. అది చేతిలో లేకపోతే మరో కాలేజీలో ఆ క్రెడిట్లు చెల్లవు, డిగ్రీ పూర్తికాదు. ఇలా ఇరుక్కుపోయినవాళ్లు 66 లక్షల మంది ఉంటారని, వాళ్ల బాకీ 1,500 కోట్ల డాలర్లని ఇథాకా ఎస్ ప్లస్ ఆర్ అనే పరిశోధన సంస్థ 2020లో అంచనా వేసింది.

ఇది బ్యాంకు అప్పు కాదు. లైబ్రరీ జరిమానా, పార్కింగ్ చలానా, హాస్టల్ అద్దె లాంటివన్నీ కలిసి పేరుకున్న బాకీ. వీటన్నిటికంటే దారుణమైనది ఇంకొకటుంది. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే చదువు మానేస్తే, ఫెడరల్ ప్రభుత్వ సాయంలో కొంత వెనక్కి వెళ్లిపోతుంది. కాలేజీ ఆ సొమ్ము తిప్పి పంపి, లోటును విద్యార్థి ఖాతాలో రాస్తుంది. అమ్మకు ఒంట్లో బాగాలేక ఇంటికెళ్లిపోయిన పిల్ల, చదవని చదువుకు బాకీదారవుతుంది.

కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం 2020 జనవరి 1 నుంచి ఈ పద్ధతిని ఆపింది. బాకీ ఉందని ట్రాన్‌స్క్రిప్టు నిరాకరించకూడదు, దానికి ఎక్కువ రుసుము అడగకూడదు. న్యూయార్క్ 2022లో అదే బాట పట్టింది. బాకీ మాత్రం రద్దు కాలేదు. వసూలు చేసుకునే మిగతా దారులూ మూసుకుపోలేదు. ఒహాయోలోనైతే ప్రభుత్వ కాలేజీల పాత బాకీలు అటార్నీ జనరల్ చేతికి వెళతాయి. వడ్డీ, వసూలు ఖర్చులు తోడై అసలు కంటే కొసరు బరువెక్కుతుంది.

కాగితం ఆపకపోతే డబ్బు ఎలా రాబట్టాలని కాలేజీల ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే. కానీ డిగ్రీ లేనివాడికి మంచి జీతమెక్కడిది, బాకీ తీర్చేదెప్పుడు? అదే ఒహాయోలో 2022లో ఈశాన్య ప్రాంతపు ఎనిమిది ప్రభుత్వ కాలేజీలు కలిసి మరో దారి పట్టాయి. మళ్లీ చేరి చదివితే 5,000 డాలర్ల దాకా బాకీ మాఫీ. దయ పుట్టి కాదు లెండి, తిరిగొచ్చినవాడు కొత్త ఫీజు కడతాడు!

2024 జులై 1 నుంచి ఫెడరల్ నిబంధన కూడా వచ్చింది. ఫెడరల్ సాయంతో చదివి, ఫీజు తీరిపోయిన సెమిస్టర్ల వరకైనా ట్రాన్‌స్క్రిప్టు ఇచ్చితీరాలి. తెలుగువాళ్లు జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడే. ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌కు వెళ్లిన మన పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, కాబట్టి ఈ రక్షణా రాదు. చేరిన రాష్ట్రంలో చట్టం ఉందా లేదా అన్నదే వాళ్లకు దిక్కు. యూనివర్సిటీ ర్యాంకులు వెతికే ఇళ్లలో దీన్ని ఎవరూ వెతకరు.

ఇక ఇంటి సంగతి. చేరేటప్పుడు ఒరిజినల్స్ సరిచూసి అక్కడికక్కడే తిరిగిచ్చేయాలని యూజీసీ 2018లో చెప్పింది. కానీ మన దగ్గర అసలు చిక్కు కోర్సు ముగిశాక మొదలవుతుంది. 2008 నుంచి నడుస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంటులో బాకీ పడేది సర్కారు, మెమో కోసం కాలేజీ చుట్టూ తిరిగేది విద్యార్థి. నిధులు రాక జీతాలివ్వలేని యాజమాన్యాల గోడు అబద్ధం కాదు. అయితే ఆ గోడు వినాల్సింది సచివాలయం. కౌంటర్ ముందు నిలబడ్డ పిల్ల కాదు. ఇక్కడ చట్టం రాయడానికి కూర్చుంటే నేను కోరే మొదటి వాక్యం ఇది: రీయింబర్స్‌మెంటు మంజూరైన విద్యార్థి ఖాతాలో సర్కారు బకాయిని కాలేజీ రాయకూడదు.