స్టీరింగ్ వదిలేస్తే బాధ్యత ఎవరిది?

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘తిహాన్’ ప్రాంగణం 2022 జులైలో మొదలైంది. కెమెరాలు, రాడార్లు చుట్టూ చూస్తుంటే కంప్యూటరే బ్రేకు వేస్తుంది. దానికి నిద్ర ముంచుకురాదు, మందు అలవాటు లేదు. చూపు లేనివారికి ఇలాంటి కారు నిజంగా వరమే.

మరి కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు చుట్టుపక్కల రోడ్లమీద? మాసూళ్ల వేళ సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, అంచునే కాలువ, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. పక్కకు తప్పుకోవాలంటే ఎటు?

2018 మార్చిలో అమెరికాలోని టెంపేలో డ్రైవర్ నడపకుండానే నడిచే ఊబర్ పరీక్షా కారు, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపేసింది. ఆమెను మనిషిగా ఆ యంత్రం పోల్చుకోలేకపోయింది. కంపెనీపై క్రిమినల్ కేసు లేదు. డ్రైవర్ సీట్లో ఉన్న ఉద్యోగికే శిక్ష పడింది.

ఇది అన్యాయం. తయారీదారు బాధ్యతను చట్టం తేల్చాకే ఈ కార్లు మన రోడ్డెక్కాలి.