బర్త్ ఇయర్ వైన్ కొంటున్నారా? ముందు ఆ ఏడాది వాతావరణం ఎలా ఉందో చూడండి!

50వ పుట్టినరోజుకి పుట్టిన ఏడాది వైన్ గిఫ్ట్‌గా ఇవ్వడం యూరప్‌లో చాలామందికి సరదా. కానీ సీసా మీద ఏడాది కలిస్తే చాలదు. పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని అనుకుంటారు.. నిజానికి చాలా వైన్లు కొన్నేళ్లలోనే తాగేయాల్సినవి.

ఉదాహరణకు 1977. ఫ్రాన్స్‌లోని బోర్డోకి అది అస్సలు కలిసిరాని ఏడాది. వసంతంలో మంచు దెబ్బ, ఆపై చల్లటి, వానల వేసవి. అదే ఏడాది పోర్చుగల్‌లోని డోరో లోయలో పోర్ట్ వైన్ మాత్రం అదిరిపోయింది! 1963లోనూ ఇదే కథ. కాబట్టి 2027లో 50 నిండేవాళ్లకి పోర్ట్ వెతకడమే బెటర్. ద్రాక్షరసం పులుస్తుండగానే స్పిరిట్ కలుపుతారు. ఆల్కహాల్ సుమారు 20 శాతం ఉంటుంది, తీపీ మిగులుతుంది.. అందుకే దశాబ్దాలు నిలుస్తుంది. వింటేజ్ పోర్ట్ ప్రతి ఏడాదీ రాదు. అది దొరక్కపోతే, ఒకే ఏడాది పంటని కనీసం 7 ఏళ్లు పీపాల్లో ఉంచే 'కొల్యేటా' రకం చూడొచ్చు.

డబ్బు కట్టేముందు సీసాలో మట్టం చూడాలి. మెడ దాటి బాగా కిందకి దిగిందంటే కార్క్ లోంచి గాలి వెళ్లినట్టే.. ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయడమే మంచిది. ఇన్నేళ్లూ ఎక్కడ, ఎంత చల్లగా ఉంచారో కూడా అడగాలి. వింటేజ్ పోర్ట్ అయితే పార్టీకి ఒకరోజు ముందే నిలబెట్టి ఉంచాలి, మడ్డి అడుగుకి దిగుతుంది.