జీర్ణాశయపు లోపలి పొరపై అల్లం ప్రభావం

భోజనానికి ముందు ఉప్పు అద్దిన అల్లం ముక్క నమలడం, అజీర్తి చేసినప్పుడు శొంఠి కషాయం తాగడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. అయినా ఇంత ఘాటైన దుంప కడుపు లోపలి పొరను ఎలా కాపాడగలదన్న సందేహం సహజమే.

జఠర రసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం నుంచి జీర్ణాశయపు గోడను రక్షించేవి దానిపై పరచుకున్న జిగురు పొర, అందులోని బైకార్బనేట్, అడుగున సాగే రక్త ప్రసరణ. వీటిని నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఆస్పిరిన్, ఇండోమెథాసిన్ వంటి నొప్పి మాత్రలు వీటి తయారీని అడ్డుకోవడం వల్ల పొర బలహీనపడి పుండ్లు ఏర్పడతాయి. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా మరో ప్రధాన కారణం.

ఎలుకలలో కృత్రిమంగా కలిగించిన పుండ్లను అల్లంలోని జింజిబెరీన్, 6-జింజరాల్ తగ్గించినట్లు 1988లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆస్పిరిన్ ఇచ్చిన ఎలుకలపై 2011లో వెలువడిన పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. అల్లం పొడి వల్ల పుండ్లు తగ్గాయి. కాని ఆమ్ల ఉత్పత్తి తగ్గలేదు, ప్రోస్టాగ్లాండిన్ల స్థాయి పెరగలేదు. తగ్గినవి వాపును ప్రేరేపించే టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా. కనుక అల్లాన్ని ఆమ్లహారిణిగా వర్ణించడం సరికాదు. హెలికోబాక్టర్‌పై జింజరాళ్ల ప్రభావం పరీక్షనాళికలో కనిపించిన మాట నిజమే, అయితే పరీక్షనాళిక కడుపు కాదు.

వ్యవసాయ శాస్త్రజ్ఞులకు సంబంధించిన అంశం ఇక్కడే ఉంది. పచ్చి అల్లంలో 6-జింజరాల్ ప్రధానం. ఎండబెట్టినప్పుడు, ముఖ్యంగా వేడి ఎక్కువైనప్పుడు, అది నీటి అణువును కోల్పోయి 6-షోగాల్‌గా మారుతుంది. అంటే రసాయనపరంగా అల్లం, శొంఠి ఒకటి కావు. కూర అల్లాన్ని ఆరో నెల నుంచే తవ్వుతారు. శొంఠికి ఆకులు పండి ఎండే వరకు, సుమారు ఎనిమిది నెలలు, ఆగుతారు. రకం, కోత వయస్సు, ఆరబెట్టిన ఉష్ణోగ్రత తెలుపని నమూనాతో చేసిన ప్రయోగ ఫలితాన్ని మరొక నమూనాకు అన్వయించడం కష్టం. విద్యార్థులు తమ పరిశోధనలలో ఈ మూడింటినీ తప్పక నమోదు చేయాలి.

ఈ ఆధారాలలో అధిక భాగం జంతువులపై లభించినవే. కీళ్ల నొప్పులకు రోజూ మాత్రలు వాడే వ్యవసాయ కూలీలకు, అల్లం తోడుంటే కడుపుకు ప్రమాదం లేదని విస్తరణ సిబ్బంది చెప్పరాదు. కొందరిలో అల్లమే గుండెమంట కలిగిస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు అల్లం గుళికలు, సారాలు తీసుకునే ముందు వైద్యుని సంప్రదించాలి. మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం పడడం పుండు నుంచి రక్తస్రావానికి గుర్తులు కావచ్చు. అట్టివారిని కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.